మమ్మల్ని చదవనివ్వండి: వార్తా సైట్ల ఎడిటర్లకు, డిజైనర్లకు ఒక బహిరంగ లేఖ

వార్తా సైట్లు, వెబ్ పత్రికలు నడిపే ఎడిటర్లకు, వాటి పేజీలు తయారుచేసే డిజైనర్లకు, ఆ పేజీల్లో ఎక్కడ ఏ బాక్సు పెట్టాలో తేల్చే మార్కెటింగ్ వాళ్లకు,

నమస్కారం. నేను రోజూ ఫోన్‌లో చదివే మనిషిని. అప్పుడప్పుడూ కంప్యూటర్ మీద కూడా చదువుతాను గానీ అది తక్కువ. "ఇప్పుడెవరు చదువుతున్నారండీ, అందరూ స్క్రోల్ చేసి పోయేవాళ్లే" అనే మాట మీ దగ్గర్నుంచి వినీ వినీ విసుగొచ్చి ఈ లేఖ రాస్తున్నాను. ఆ మాట ఊరికే అనేసి వదిలేస్తే బాధ లేదు. దాన్ని నమ్మి పేజీలు కడుతున్నారు, అదీ గొడవ. చదవరు అనుకుని కట్టిన పేజీలో చదవడం కుదరదు. కుదరక మేం వెళ్లిపోతే "చూశారా, చెప్పలేదా" అంటారు.

ముందు ఒక పాత లెక్క చెప్తాను. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 1997లో కొంతమంది పాఠకుల్ని కూర్చోబెట్టి గమనించారు. కొత్త పేజీ తెరిస్తే 79 శాతం మంది పైపైన చూపు ఆడించారు, పదం పదం చదివినవాళ్లు 16 శాతం. 1997 అంటే ఐఫోన్ రావడానికి పదేళ్ల ముందు. ఫేస్‌బుక్ లేదు, వాట్సాప్ లేదు, రీల్స్ సంగతి సరేసరి. కాబట్టి ఫోన్లొచ్చి జనం చెడిపోయారన్న వాదన నిలబడదు, వెబ్ కొత్తగా ఉన్నప్పుడే మేం ఇలా చదివాం. ఎందుకంటే ఇక్కడ ఒక పేజీ నచ్చకపోతే ఇంకోటి వేలి దూరంలో ఉంటుంది, అందుకని ఇది నాకు కావాల్సిందేనా, రాసినవాళ్లకు విషయం తెలుసా, దీనికి పది నిమిషాలు పెట్టొచ్చా అని ముందు చూసుకుంటాం. పుస్తకాల షాపులో అట్ట వెనక్కి తిప్పి, మధ్యలో ఒక పేజీ తీసి చూసేవాణ్ణి పట్టుకుని "వీడు చదివే రకం కాదు" అని ఎవరూ అనరు కదా. చూపు ఆడించడమంటే చదవకపోవడం కాదు, చదవాలా వద్దా అని తేల్చుకోవడం. ఆ తేల్చుకోవడానికి పనికొచ్చేవి మొదటి తెర మీద పెట్టి, తేల్చుకున్నాక మా మానాన మమ్మల్ని వదిలేయండి. నేను అడుగుతున్నది ఇంతే, మిగతా లేఖంతా దీని వివరమే.

ఆ 'ఎఫ్' ఆకారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అది మీకు బాగా ఇష్టమైన బొమ్మ. 2006లో నీల్సన్ బృందం కంటి కదలికల్ని పట్టే పరికరాలు పెట్టి 232 మందిని పరీక్షించి, చూపు ఇంగ్లిష్ ఎఫ్ అక్షరంలా నడుస్తోందని చెప్పింది. పైన అడ్డంగా ఒకసారి, కాస్త దిగి ఇంకోసారి పొట్టిగా, ఆ తర్వాత ఎడమ అంచు పట్టుకుని కిందికి. ఇంక ఆ బొమ్మ ఒక శాసనమైపోయింది, ముఖ్యమైనవన్నీ పైన ఎడమ పక్కన కుక్కెయ్, మిగతాది ఎలా ఉన్నా పర్లేదు అని. అయితే 2017లో ఆ సంస్థే మళ్లీ వివరంగా రాసింది: మీరు దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారు, ఉపశీర్షికలు, జాబితాలు ఏమీ లేకుండా రాతంతా ఒకే ముద్దగా పోసినప్పుడు పాఠకుడు అలా చూస్తాడు, అది అతనికీ నష్టమే, మీకూ నష్టమే అని. మొదటి మాట అందరికీ చేరింది. రెండోది చేరినట్టు మీ పేజీలు చూస్తే అనిపించదు.

ఇప్పుడు ఒక పేజీని దగ్గర్నుంచి చూద్దాం. ఎవరిదో చెప్పను, చదివితే చాలామందికి తమదే అనిపిస్తుంది.

ఎవరో పంపిన లింకు నొక్కుతాను. శీర్షిక కనపడుతుంది, కనపడిన మరుక్షణం కింది సగాన్ని కుకీల బాక్సు కప్పేస్తుంది. "అంగీకరిస్తున్నాను" అన్నది పెద్ద రంగు బటన్. వద్దనడానికి దారి బూడిదరంగు చిన్న అక్షరాల్లో, రెండు మెట్లు లోపల. అది వదిలించుకునేలోపు నోటిఫికేషన్లు పంపమంటారా అని ఇంకోటి. ఇంకా ఒక్క వాక్యం కూడా చదవనివాణ్ణి రోజూ పిలవమంటావా అని అడగడం ఏం మర్యాదో నాకు అర్థం కాదు. సరే, మొదలుపెడతాను. రెండో లైను మీద ఉండగా పైన ప్రకటన లోడ్ అయి పేరా మొత్తం కిందికి జారిపోతుంది, వేలు పోయి ఆ ప్రకటన మీద పడుతుంది, ఏదో కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది. వెనక్కి వస్తే ఈసారి మూల నుంచి వీడియో. ఎవరూ అడగకుండానే ఆడటం మొదలుపెడుతుంది, దాన్ని మూసే ఇంటూ గుర్తు గోటికి కూడా దొరకదు. రెండో పేరా అయ్యాక "ఇవీ చదవండి" అని మూడు లింకులు. ఇది చదివితే కదా అవి చదవడం! మూడో పేరా సగంలో రాత మసకబారిపోయి కింద "పూర్తిగా చదవండి" అని బటన్. పూర్తిగా చదవడానికే కదా బాబూ వచ్చింది. విసుగొచ్చి బ్యాక్ నొక్కితే వచ్చిన చోటికి పోనివ్వరు, మీ సైటులోనే ఇంకో వార్తల పట్టీ చూపిస్తారు.

ఇంత జరిగాక మీ డ్యాష్‌బోర్డ్‌లో ఒక అంకె పడుతుంది, పాఠకుడు పదిహేను సెకన్లు కూడా ఉండలేదని. చార్ట్‌బీట్ అనే కొలతల సంస్థను అప్పట్లో నడిపిన టోనీ హేల్ 2014లో ఇదే బయటపెట్టారు: 55 శాతం సందర్శనల్లో పేజీ మీద నిజంగా ధ్యాస పెట్టిన సమయం 15 సెకన్లలోపే అని. క్లిక్‌ను చదవడంగా లెక్కేసుకోకండి అని చెప్పడానికి ఆయన ఆ అంకె వాడారు. మీరేమో దాన్ని పాఠకుడి మీద నేరారోపణగా వాడుతున్నారు. ఆ పదిహేను సెకన్లలో పేజీ ఏం చేస్తోందో కూడా పక్కన రాసుకుంటే న్యాయంగా ఉండేది.

పేజీ జారిపోవడం మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే అది అన్నిటికంటే చిరాకు, అన్నిటికంటే తేలిగ్గా పోయేది కూడా. పేజీ ఎంత జారిందో స్కోరుగా చెప్పే కొలత ఒకటి గూగుల్ దగ్గర ఉంది, ఆ స్కోరు 0.1 దాటకూడదంటుంది. అలాగే తెర మీద పెద్ద భాగం 2.5 సెకన్లలో కనపడాలి, ఏదైనా నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి. మీ డెవలపర్లకు ఇవన్నీ కంఠతా వచ్చు. జారకుండా ఉండాలంటే బొమ్మకు, ప్రకటనకు ఎంత ఎత్తు కావాలో ముందే చెప్పి ఆ జాగా ఖాళీగా ఉంచితే చాలు. మరి ఎందుకు చేయరంటే, ప్రకటన రాకపోతే ఆ ఖాళీ అసహ్యంగా ఉంటుందని పైన ఎవరో అన్నారట. ఖాళీ అసహ్యం, చదువుతున్న వాక్యం కంటి ముందు నుంచి పారిపోవడం మాత్రం అందం!

పాఠకుల అలవాట్లు నిజంగా తెలుసుకోవాలంటే ఇంకో చోట చూడండి. 2010లో సఫారీ బ్రౌజర్‌లో రీడర్ అని ఒక బటన్ వచ్చింది, తర్వాత ఫైర్‌ఫాక్స్ లాంటివి కూడా పెట్టాయి. దాన్ని నొక్కితే మీ మెనూలు, వీడియోలు, పక్క పట్టీలు అన్నీ మాయమై రాత, బొమ్మలు మిగులుతాయి. అంటే మీ డిజైన్‌ను తీసిపారేయడమే ఆ బటన్ చేసే మొత్తం పని. నేను అలవాటుగా నొక్కేస్తాను, మీ పేజీ ఎలా ఉందో చూడకుండానే. చదవని జనం కోసం అలాంటి బటన్ ఎవరైనా పెడతారా?

ఇక మారిన ఇంకో సంగతి, మేం మీ సైటులోకి వచ్చే తలుపు. హోమ్ పేజీ మీద మీరు పెట్టే శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది, కానీ అక్కడికి వచ్చేదెవరు? న్యూయార్క్ టైమ్స్ వాళ్ల లోపలి నివేదిక ఒకటి 2014లో బయటికి పొక్కింది, రెండేళ్లలో హోమ్ పేజీకి వచ్చేవాళ్లు సగానికి పడిపోయారని అందులో ఉంది. సెర్చ్ నుంచి, గ్రూపుల్లో లింకుల నుంచి నేరుగా కథనం మీదే దిగుతున్నాం. అంటే ప్రతి కథనం పేజీ ఇప్పుడు ముందు గుమ్మమే. అలా దిగినవాడికి ఇది వార్తా, అభిప్రాయమా, ఎవరు రాశారు, ఎప్పటిది అన్నవి మొదటి తెర మీదే దొరకాలి. "సీఎం సంచలన నిర్ణయం" అంటే ఏ సీఎం, ఏ సంవత్సరం? హోమ్ పేజీలో చుట్టూ ఉన్న వార్తల్ని బట్టి అర్థమయ్యే శీర్షిక, విడిగా దొరికితే అర్థం కాదు.

తేదీ గురించి మరీ మరీ అడుగుతున్నాను. "3 గంటల క్రితం" అని పెడతారు, కొన్నిచోట్ల అదీ ఉండదు, ఉన్నా అప్‌డేట్ చేసిన తేదీ ఉంటుంది గానీ మొదట రాసిన తేదీ ఉండదు. నాలుగేళ్ల కిందటి వరద వార్త ఈరోజుదిలా గ్రూపుల్లో తిరిగేది ఇందుకే. గార్డియన్ పత్రిక 2019లో ఒక పని చేసింది. పాత కథనం మీద ఇది ఇన్నేళ్ల కిందటిది అని పసుపు రంగులో స్పష్టంగా కనపడేలా పెట్టింది, లింకు పంపినప్పుడు కనిపించే బొమ్మ మీద కూడా సంవత్సరం వేసింది. రెండోది మరీ ముఖ్యం, ఎందుకంటే లింకు తెరవకుండా బొమ్మ, శీర్షిక చూసి ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. పెద్ద ఖర్చున్న పనేమీ కాదిది. ఇంకో సంగతి, ఇప్పుడు జనం లింకు కంటే స్క్రీన్‌షాటే ఎక్కువగా పంపుతున్నారు అనిపిస్తోంది. పత్రిక పేరు, శీర్షిక, తేదీ మూడూ ఒకే తెరలో పట్టేలా ఉంటే ఆ స్క్రీన్‌షాట్ కూడా కాస్త నిజాయితీగా ఉంటుంది. ఇప్పుడైతే సగం తెర ఫొటో, పావు తెర ప్రకటన.

ఉపశీర్షికల దగ్గర ఎడిటర్లతో నాకు విడిగా పేచీ ఉంది. పొడుగు వ్యాసాల్లో "నేపథ్యం", "అసలేం జరిగింది?", "నిపుణులు ఏమంటున్నారు?" అని వేస్తారు. ఇవి ఏ వ్యాసంలో పెట్టినా సరిపోతాయి, అంటే ఏ వ్యాసం గురించీ ఏమీ చెప్పవు. "నేపథ్యం" బదులు "2016 ఒప్పందంలోనే లొసుగు" అని రాస్తే పైపైన చూసేవాడికి కూడా విషయం కొంత తెలుస్తుంది, తెలిసినవాడు ఆగుతాడు, ఎందుకంటే ఇప్పుడు అతనికి ఆ లొసుగు ఏంటో కావాలి. శీర్షికల సంగతీ అంతే. "ఏం చేశాడో తెలిస్తే షాక్", "కారణం ఇదే" అంటూ విషయాన్ని దాచిపెడితే నేను క్లిక్ చేయవచ్చు, కానీ అప్పటికే మీ మీద కోపంగా లోపలికి వస్తాను. ఆ కోపంతో వచ్చినవాడు ఎనిమిది పేరాలు చదువుతాడని ఎలా అనుకుంటారు?

ఫోన్ తెరకు తగ్గట్టు పేజీ సర్దుకోవడం గురించి మెచ్చుకోవాల్సినవాళ్లను మెచ్చుకోవాలి. ఈథన్ మార్కాట్ 2010లో ఆ పద్ధతికి పేరు పెట్టి వివరించారు, మరుసటి ఏడాదే బోస్టన్ గ్లోబ్ పత్రిక తన సైటును అలా కట్టింది. ఇప్పుడు అందరూ చేస్తున్నారు. కానీ సర్దుకున్నది వెడల్పు మాత్రమే. కంప్యూటర్ తెర మీద కుడిపక్క పట్టీలో ఉండే సరంజామా ఫోన్‌లోకి వచ్చేసరికి ఎక్కడికి పోవాలి? పక్కన జాగా లేదు. కాబట్టి పేరాల మధ్యలో దూరింది. పెద్ద తెర మీద పక్కన పడి ఉండేది చిన్న తెర మీద దారికి అడ్డం వచ్చింది. ఏది తీసేయాలి అని అడగాల్సిన చోట ఏది ఎక్కడ దూర్చాలి అని అడిగారు.

తెలుగు పేజీలకు ఇంకో రెండు తిప్పలు. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిష్ కోసం తయారైన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది, శీర్షికల్లోనైతే ఒత్తులు సగానికి తెగిపోతాయి. లైన్ల మధ్య జాగా కొంచెం పెంచితే పోయే సమస్య ఇది. రెండోది, రెండంచులూ సమానంగా రావాలని జస్టిఫై చేయడం. మన మాటలు పొడుగు, ఫోన్ తెర సన్నం, మాట విరవడానికి హైఫన్ ఏర్పాటు ఉండదు, దాంతో లైనుకు రెండే మాటలు పడి మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. అచ్చు పత్రికలో అందంగా ఉంటుంది నిజమే, ఇక్కడ ఎడమ అంచు సరిగ్గా ఉంటే చాలు, కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉండనివ్వండి. పైగా "చదవడానికి 4 నిమిషాలు" అని పెడుతున్నారు, మంచిదే, తేల్చుకోవడానికి పనికొచ్చేదే, కానీ దాన్ని ఇంగ్లిష్ పదాల వేగంతో లెక్కేస్తే ఎలా? వాళ్లు మూడు మాటల్లో చెప్పేది మనం ఒక్క మాటలో కలిపి రాస్తాం, నాలుగు నిమిషాలన్నది ఏడెనిమిది పడుతుంది, పాఠకుడేమో తనకే చదవడం రావట్లేదని అనుకుంటాడు.

ముక్కలు ముక్కలుగా చదవడం గురించి మీరెవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో అసలు మారిన అలవాటు ఇదే. ఒక పొడుగు వ్యాసాన్ని ఇప్పుడు ఒకేసారి కూర్చుని చదివేవాళ్లు తక్కువ. మధ్యలో ఫోన్ వస్తుంది, మెసేజ్ వస్తుంది, లిఫ్ట్ వస్తుంది. సాయంత్రం మళ్లీ అందుకుంటాం. అప్పుడు పేజీ మొదటినుంచి లోడ్ అవుతుంది, మళ్లీ కుకీలు, మళ్లీ వీడియో, ఎక్కడ ఆపానో వెతుక్కోవాలి. వీడియో సైట్లు ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుంటాయి, రాతకు మాత్రం ఆ మర్యాద లేదు. తర్వాత చదువుదామని దాచుకునే యాప్‌లు ఇందుకే పుట్టాయి. వాటిలో పేరున్న పాకెట్ 2025 జులైలో మూతపడింది, కాబట్టి ఆ పని ఇప్పుడు మీ మీద ఇంకాస్త ఎక్కువగా ఉంది. ఎక్కడ ఆపానో గుర్తుంచుకోండి, మధ్య భాగానికి నేరుగా వెళ్లే లింకు ఇవ్వండి, పొడుగు వ్యాసానికి పైన చిన్న విషయసూచిక పెట్టండి. ఒక వ్యాసం అయ్యీ అవకముందే కింద ఇంకో వ్యాసం అతికించే అంతులేని స్క్రోల్ మాత్రం తీసేయండి, ఎక్కడ అయిపోయిందో తెలియని రాతను పూర్తి చేశానన్న తృప్తి కూడా దక్కదు.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు కూడా ఉంది. 2012 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ఒక మంచు విపత్తు కథనాన్ని వీడియోలు, కదిలే పటాలు రాతతో కలిపి అద్భుతంగా ఇచ్చింది, మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. అక్కడి కొండ వాలు అర్థం కావాలంటే ఆ పటం కదలాలి, అందుకని కదిపారు. ఆ తర్వాత మొదలైంది చూడండి, ప్రతి "ప్రత్యేక కథనం"లోనూ అక్షరాలు ఎగిరొస్తాయి, నేను వేలితో కొంచెం జరిపితే పేజీ తన ఇష్టమొచ్చినంత జరుగుతుంది. బడ్జెట్ విశ్లేషణకు అక్షరాలు ఎగరడం దేనికండీ?

తెర మీద చదవడం అసలే కొంచెం కష్టం. 2018లో 54 అధ్యయనాల్ని, లక్షా 70 వేలకు పైగా పాఠకుల్ని కలిపి చూసిన ఒక పరిశోధన, సమాచారం ఉన్న రాతలు కాగితం మీద చదివినప్పుడే ఎక్కువ అర్థమవుతున్నాయని తేల్చింది. కథలకు ఆ తేడా కనపడలేదు, సమయం ఒత్తిడి ఉంటే తేడా ఇంకా పెరిగింది. మీరు అమ్మేది కథలు కాదు, సమాచారం. ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుందో పైన చెప్పాను.

డబ్బు విషయం నాకు తెలియదని కాదు. ప్రకటనలు లేకపోతే జీతాలు రావు, చందాలు కట్టమంటే మాలో చాలామందిమి ముఖం తిప్పుకుంటాం. ప్రకటనలు పెట్టండి, రాతకు ముందూ వెనకా పెట్టండి, జారకుండా, అరవకుండా ఉంటే నాకు అభ్యంతరం లేదు. చందా అడగండి, కానీ మొదటి రెండు పేరాలు చదివాక అడగండి.

అయినా ఇప్పుడు మీ లెక్కలే మారిపోతున్నాయి. 2024 మే నుంచి గూగుల్ సెర్చ్‌లో పైనే ఏఐ రాసిన సారాంశం రావడం మొదలైంది. ఏం జరిగిందో రెండు ముక్కల్లో తెలిస్తే చాలనుకునేవాడికి అది అక్కడే దొరికిపోతుంది, వాడు మీ గడప తొక్కడు. అది దాటుకుని కూడా మీ లింకు నొక్కి వచ్చాడంటే, వాడికి ఆ రెండు ముక్కలు సరిపోలేదన్నమాట. ఎవరు చెప్పారు, ఎందుకలా జరిగింది, కాగితాల్లో ఏముంది అన్నది కావాలి. వచ్చేవాళ్లలో అసలు పాఠకుల వంతు పెరుగుతున్న ఇలాంటప్పుడు, వాళ్లను పారిపోయేవాళ్లుగా లెక్కేసి ఆరు బాక్సులతో పట్టి ఆపాలని చూడటం నాకు మతిలేని పనిగా తోస్తుంది.

కాబట్టి మీ తర్వాతి మీటింగ్‌లో ఒక పని చేయండి. ఒక పాత ఫోన్ తెచ్చి, లాగిన్ లేకుండా, ఆఫీసు వైఫై ఆపేసి, మీ సైటులోని పొడుగు వ్యాసం ఒకటి ఎడిటర్ చేతికిచ్చి అందరి ముందూ చివరిదాకా చదవమనండి. చదువుతుండగా అడ్డొచ్చిన ప్రతిదాన్నీ బోర్డు మీద రాసి, ఒక్కోదాని పక్కన అది ఎవరు పెట్టమన్నారో వాళ్ల పేరు కూడా రాయండి. పేరు దొరకనివి ఆ సాయంత్రానికే తీసేయొచ్చు. పేరున్నవాళ్లు అది ఎందుకు కావాలో చెప్పాలి.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒకరు